ఆడుతూ తిరిగే జంటకి వేసవి రిసార్ట్: సముద్రమా, కొండా, సరస్సా?

ఉదయం ఏడున్నరకల్లా యాక్టివిటీ డెస్క్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాం, ఆ రోజు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) టూర్‌కి పేర్లు ఇద్దామని. అట్టకి బిగించిన కాగితం మీద ఆరు గళ్లు ఉన్నాయి, ఆరింటిలోనూ ముందు రోజు సాయంత్రమే ఎవరెవరివో పేర్లు ఎక్కేశాయి. "రేపటికి రాసుకోమంటారా మేడమ్" అని అక్కడి అబ్బాయి ఎంతో మర్యాదగా అడిగాడు, కానీ మర్నాడు పొద్దున్నే మా తిరుగు ప్రయాణం. గది బ్రహ్మాండంగా ఉంది, పరుపు, బాల్కనీ, మనుషుల సేవ, దేనికీ వంక పెట్టడానికి లేదు. వెబ్‌సైట్‌లో ఇరవైకి పైగా ఆటలు రాసి ఉన్నాయి, నాలుగు రోజుల్లో మేం చేయగలిగినవి రెండు. మిగతా పొద్దంతా స్విమ్మింగ్ పూల్ పక్కన పడుకుని గడిపాం, పడుకోవడానికి కాదు మేం అంత దూరం వెళ్లింది.

అప్పటి నుంచి రిసార్ట్ చూసేటప్పుడు గది ఫొటోలు ఆఖరున చూస్తున్నాను. ముందు చూసేది ఒక్కటే: పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా మేమిద్దరం అక్కడ నిజంగా ఏం చేస్తాం, ఏ గంటకి చేస్తాం, అందులో ఎంతసేపు కలిసి ఉంటాం. ఈ ప్రశ్నకి జవాబు దొరికితే సముద్రమా కొండా అన్నది దానంతట అదే తేలిపోతుంది.

ఇదంతా ఎవరికంటే, సెలవుల్లో నడవడం, ఈదడం, సైకిల్ తొక్కడం, ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవడం ఇష్టపడుతూనే సాయంత్రానికి మంచి గది, వేడి నీళ్ల టబ్బు, కూర్చోబెట్టి వడ్డించే భోజనం కావాలనుకునే జంటలకి.

ముందు మీ ఇద్దరి తేడా కొలుచుకోండి

జంటల ట్రిప్పు చెడితే అది చాలాసార్లు రిసార్ట్ వల్ల కాదు, ఇద్దరి వేగాల్లో ఉన్న తేడా వల్ల. ఒకరు గంటలో నాలుగు వందల మీటర్ల ఎత్తు ఎక్కేస్తారు, రెండో మనిషి అదే దారిలో గంటన్నర తర్వాత ఆయాసంతో వస్తారు. ముందు వెళ్లిన మనిషి ఎదురు చూస్తూ చల్లబడిపోతారు, వెనక వచ్చిన మనిషికి కూర్చునే టైం కూడా దొరకదు, ఎందుకంటే ఆయన వచ్చేసరికి ముందు మనిషి లేచి బయల్దేరడానికి సిద్ధంగా ఉంటారు. రోజంతా ఇలా నడిస్తే సాయంత్రం ఎంత గొప్ప భోజనం పెట్టినా మాటలు కలవవు.

మా సంగతే చెప్తాను. నాకు ఎత్తులెక్కడం అంటే ప్రాణం. మా ఆయనకి దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది, ఎక్కడం పర్వాలేదు. అదే నీళ్లలోకి దిగితే మాత్రం ఆయన్ని నేను అందుకోలేను. ఇలాంటి తేడా ఉన్నవాళ్లకి కావలసింది ఇద్దరికీ చెరో రోజు దొరికే చోటు కాదు, ఒకే రోజులో చెరో దారిన వెళ్లి మధ్యాహ్నానికి ఒకే బల్ల దగ్గర కలుసుకునే చోటు. ఈ మాట గుర్తుపెట్టుకుని కింద చెప్పేవి చదవండి, నా లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

ఇద్దరిదీ ఒకే వేగం, ఒకే ఇష్టం అయితే మీరు అదృష్టవంతులు, వాతావరణం ఒక్కటి చూసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు.

సముద్రం: ఏ నెలలో, ఏ ఒడ్డున

వేసవి అనగానే సముద్రం అనుకుంటాం గానీ, జూన్ నుంచి ఆగస్టు దాకా అన్ని తీరాలకీ మంచి కాలం కాదు. మాల్దీవుల్లో దాదాపు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు, గాలి, మబ్బు, మధ్యమధ్య గట్టి వాన. అయితే వెళ్లకూడదని కాదు, అక్కడి బా అటోల్ అనే దీవుల వలయంలోని హనీఫారు బేకి మాంటా రేలు (రెక్కల్లాంటి మొప్పలున్న పెద్ద చేపలు) గుంపులుగా వచ్చేది సరిగ్గా ఈ కాలంలోనే, అక్కడ స్కూబాకి (వీపున గాలి సిలిండర్‌తో లోతుకి దిగడం) అనుమతి లేదు, స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల పైనే తేలుతూ చూడటం) మాత్రమే. అంటే స్కూబా రాని మనిషి కూడా మీతో పాటే నీళ్లలో ఉండి అదే దృశ్యం చూడొచ్చు, మా లెక్కలో ఇది చాలా పెద్ద లాభం. కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా దాని ఉధృతి. ఆ నెలల్లో అటే వెళ్లాలని ఉంటే దక్షిణాన ఉన్న అరుబా, బొనేర్, కురసావ్ చూడండి, తుపానుల దారి ఎక్కువగా వాటికి ఉత్తరంగా పోతుంది. బొనేర్‌లో ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగి డైవ్ చేయొచ్చు, ప్రతిదానికీ పడవ ఎక్కక్కర్లేదు. బాలిలో ఇది పొడి కాలం, పడమటి తీరం మీద ఒడ్డు వైపు నుంచి సముద్రం మీదికి గాలి వీస్తుంది, సర్ఫింగ్‌కి అలలు శుభ్రంగా లేస్తాయి. మారిషస్‌లో అయితే అది చలికాలం, నీళ్లు కొంచెం చల్లగా ఉంటాయి, గాలి మాత్రం కైట్ సర్ఫింగ్ వాళ్లు కోరుకునేంత ఉంటుంది.

గ్రీస్ దీవుల మీద ఆశ ఉంటే ఒక్క మాట. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది, ఒక్కోసారి రోజుల తరబడి వదలదు. పారోస్, నాక్సోస్ దీవుల్లో విండ్ సర్ఫింగ్ చేసేవాళ్లకి అది పండగ. ప్రశాంతంగా కయాక్ వేసుకుని ఒడ్డు వెంట తిరుగుదామనుకున్న జంటకి అదే గాలి రోజంతా గదిలో కూర్చోబెడుతుంది, గట్టిగా వీస్తే ఫెర్రీలు కూడా ఆగిపోతాయి. కాబట్టి "అక్కడ వాటర్ స్పోర్ట్స్ ఉన్నాయా" అని కాదు, "ఆ నెలలో గాలి ఎటు నుంచి వీస్తుంది, రిసార్ట్ బీచ్ దానికి చాటుగా ఉందా, ఎదురుగా ఉందా" అని అడగాలి. ఒకే దీవిలో రెండు రిసార్ట్‌ల మధ్య ఉన్న అసలు తేడా చాలాసార్లు ఇదే, ధరలో, స్టార్లలో అది కనిపించదు.

ఇంకొకటి ఎండ. వేసవి తీరంలో పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఒంటికి శ్రమ పెట్టే పని ఏదీ పెట్టుకోకూడదు. కొత్త వేడికి మన ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, మీ ట్రిప్పు ఐదు రోజులు. అంటే సముద్రం దగ్గర మీకు దొరికే చురుకైన గంటలు పొద్దున నాలుగు, సాయంత్రం రెండు. ఈత, స్నార్కెలింగ్ ఇష్టమైతే అవి చాలు. ట్రెక్కింగ్, పరుగు, టెన్నిస్ అనుకుంటూ సముద్రం ఎంచుకుంటే మాత్రం రోజులో సగం ఏసీలో గడుస్తుంది.

స్కూబా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జంటలు ఎక్కువగా లెక్క తప్పేది ఇక్కడే. ఇద్దరికీ సర్టిఫికెట్ ఉంటే ఏ చింతా లేదు. ఒకరికే ఉంటే రెండో మనిషి మొదటిసారి అనుభవం కోసం చేసే డైవ్‌లో 12 మీటర్ల లోతు దాటకూడదు, ఎప్పుడూ శిక్షకుడి పక్కనే ఉండాలి, కాబట్టి మీరిద్దరూ ఒకే పడవలో వెళ్లినా నీళ్లలో వేర్వేరు బృందాల్లో ఉండే అవకాశమే ఎక్కువ. ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్ కోర్సు చేస్తే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు, దానికి మామూలుగా మూడు నాలుగు రోజులు పోతాయి. ఐదు రోజుల సెలవులో నాలుగు రోజులు ఒకరు పాఠాల్లో ఉంటే రెండో మనిషి ఒంటరిగా ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి. కోర్సులో తరగతి పాఠం భాగాన్ని ఇంట్లోనే ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకుని వెళ్తే ఒక రోజు దాకా మిగులుతుంది. ఆరోగ్య ప్రశ్నల పత్రం కూడా ఉంటుంది, ఆస్తమా, గుండె, చెవి సమస్యల్లాంటి వాటికి "అవును" అని రాయాల్సి వస్తే డాక్టర్ సంతకం లేకుండా నీళ్లలోకి దింపరు, ఆ కాగితం బయల్దేరే ముందే తెచ్చుకోవాలి. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, కాబట్టి ఆఖరి రోజు డైవింగ్ ఉండదు. ఐదు రోజుల లెక్క వేసేటప్పుడు ఆ రోజుని ముందే కొట్టేయండి.

దూరపు దీవి రిసార్ట్ అయితే చేరుకునే దారి కూడా చూడాలి. మాల్దీవుల్లో సీప్లేన్‌లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి, మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని దగ్గరే ఆగాల్సి వస్తుంది, దీవిలో గది అద్దె మాత్రం ఆ రాత్రికి కూడా పడొచ్చు.

కొండ: నా ఓటు ఎక్కువసార్లు దీనికే

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద మైదానంలో 34 డిగ్రీలు మండుతుంటే 1,500 మీటర్ల దగ్గర 24 ఉంటుంది. ఈ పది డిగ్రీల తేడా మీ రోజుని మొత్తం మార్చేస్తుంది, సముద్రం దగ్గర ఆరు గంటలు దొరికితే ఇక్కడ తొమ్మిది పది గంటలు దొరుకుతాయి. నడవడం, సైకిల్, తాళ్ల మీద ఎక్కడం, తెప్ప మీద నదిలో దిగడం, ఏదైనా పెట్టుకోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైంది లిఫ్టులు. చలికాలంలో స్కీయింగ్ కోసం కట్టిన కేబుల్ కార్లు, చెయిర్‌లిఫ్టులు వేసవిలో నడిచేవాళ్లని, సైకిళ్లని మోస్తాయి. మా ఆయన మోకాలి సమస్యకి పరిష్కారం దొరికింది అక్కడే. ఒక ట్రిప్పులో నేను ఆరున్నరకి హోటల్ వెనక నుంచి అడవి దారి పట్టుకుని ఎక్కాను. ఆయన తీరిగ్గా కాఫీ తాగి, పేపరు చూసుకుని, తొమ్మిదిన్నరకి కేబుల్ కార్ ఎక్కి పైన దిగి, చదునుగా ఉన్న పచ్చిక దారిలో రెండు కిలోమీటర్లు నడిచారు. పదకొండుకి కొండ మీద చెక్క గుడిసె లాంటి చిన్న హోటల్ ముందు బెంచీ మీద కలిశాం. నా చొక్కా వెనక అంతా తడిసి ముద్దయింది, ఆయన తన జాకెట్ తీసి ఇచ్చారు. అక్కడి నుంచి ఇద్దరం ఒకే వేగంతో శిఖరం అంచు దాకా వెళ్లొచ్చి, కిందికి మాత్రం లిఫ్ట్‌లో దిగాం. దిగడమే మోకాళ్లకి కష్టం, ఎక్కడం కాదు, ఆ కష్టాన్ని లిఫ్ట్ తీసేసింది. ఆ రోజు సాయంత్రం మాకు చెప్పుకోవడానికి చెరో కథ ఉంది, కలిసి చూసింది కూడా ఉంది.

ఇటలీ ఉత్తరాన డోలమైట్స్ కొండల్లో ఇలాంటి ఏర్పాటు బాగా కుదురుతుంది. ఆర్టిసే, కోర్టినా లాంటి ఊళ్లు 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటాయి, ఆర్టిసే నుంచి కేబుల్ కార్‌లో ఆల్పె ది సియూసి పచ్చిక మైదానానికి చేరొచ్చు, దాదాపు 56 చదరపు కిలోమీటర్ల మైదానం అది, నడిచే దారులు, సైకిల్ దారులు, మధ్యమధ్య గుడిసెలు. ఆ కొండల్లోనే వియా ఫెరాటా అనే ఇనుప తాళ్ల దారులు ఉన్నాయి, వాటిలో కొన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం వేసిన దారుల నుంచి వచ్చినవి. నడుముకి బెల్టు కట్టుకుని, రెండు కొక్కేల్లో ఒకటి ఎప్పుడూ తాడుకి తగిలి ఉండేలా మార్చుకుంటూ వెళ్లాలి. భయం ఉన్న మనిషికి గైడ్ అదనంగా ఒక తాడు కట్టి తీసుకెళ్తాడు, కాబట్టి ధైర్యంలో తేడా ఉన్న జంటకి కూడా తేలిక మార్గాలు దొరుకుతాయి. ఒక్కటే షరతు, ఉరుములు వచ్చే సూచన ఉంటే ఆ ఇనుప తాడు దగ్గర ఉండకూడదు. వేసవి కొండల్లో మధ్యాహ్నం దాటాక పిడుగుల వానలు చాలా మామూలు, అందుకే అక్కడివాళ్లు పొద్దున్నే బయల్దేరి ఒంటిగంటకల్లా కిందికి వచ్చేస్తారు.

సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లకి కెనడాలోని విస్లర్ ఉంది, లిఫ్ట్‌లో సైకిల్‌తో సహా పైకెళ్లి దిగుతూ రావడానికి అక్కడ ప్రత్యేకంగా దారులే వేశారు. వేగాల తేడా ఉన్న జంటకి మాత్రం నా సలహా ఈ-బైక్, అంటే మోటారు సాయం ఉన్న సైకిల్. యూరప్‌లో వీటి మోటార్ 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు దాటగానే సాయం ఆపేస్తుంది. బలమైన మనిషి మామూలు సైకిల్ మీద, రెండో మనిషి ఈ-బైక్ మీద ఎక్కితే వాలు దారిలో ఇద్దరూ పక్కపక్కనే మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. మేం ప్రయత్నించాం, తేడా అరగంటలోనే తెలిసింది.

కొండకి వెళ్లేవాళ్లు రెండు విషయాల్లో పొరపడుతుంటారు. మొదటిది తేదీలు. ఆల్ప్స్‌లో ఎక్కువ లిఫ్టులు జూన్ మధ్యలో తెరిచి సెప్టెంబరు చివరిదాకా నడుస్తాయి, మే నెలలో మంచు పూర్తిగా కరగదు, లిఫ్టులూ ఉండవు, చాలా హోటళ్లు మూసి ఉంటాయి. తెరిచి ఉన్న హోటల్ తక్కువ ధరకి దొరికిందని సంబరపడితే అక్కడ చేయడానికి ఏమీ ఉండదు. ఆగస్టు 15 అటూఇటూ వారం ఇటలీ మొత్తం సెలవుల్లో ఉంటుంది, దారుల మీద జనం, గదులకి గిరాకీ. జూన్ చివరి పది రోజులు గానీ సెప్టెంబరు మొదటి రెండు వారాలు గానీ నాకు నచ్చిన కాలం. జూన్‌లో ఎత్తైన కనుమల్లో మంచు మిగిలి ఉండొచ్చని మాత్రం లెక్కలో పెట్టుకోవాలి.

రెండోది, రాత్రి పడుకునే ఎత్తు. 2,500 మీటర్లు దాటిన చోట నిద్రపోతే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలయ్యే అవకాశం ఉంది, కొందరికి అంతకన్నా కొంచెం తక్కువ ఎత్తులోనే. అమెరికాలో ఆస్పెన్ సుమారు 2,400 మీటర్ల దగ్గర ఉంది, టెల్యురైడ్ ఇంకా పైన. అలాంటి చోటికి సముద్ర మట్టం నుంచి నేరుగా విమానంలో దిగితే మొదటి రెండు రోజులు తేలిక నడకలతో సరిపెట్టాలి, నాలుగు రోజుల ట్రిప్పుకి అది సగం. ఎవరికి ఎత్తు పడదో ముందుగా చెప్పలేం, రోజూ పరుగెత్తే మనిషికే రావచ్చు, పక్కన ఉన్న మనిషికి ఏమీ కాకపోవచ్చు. పైన చల్లగా ఉంది కదా అని ఎండని కూడా తేలిగ్గా తీసుకోకండి, ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీల కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, చల్లగాలిలో చర్మం కాలుతున్నట్టు తెలియదు.

సరస్సు

మొదటిసారి ఇలాంటి ట్రిప్పు వేసుకునే జంట అడిగితే నేను సరస్సే చెప్తాను. వెనకే కొండ, ముందు నీళ్లు, మధ్యలో చదునైన సైకిల్ దారి. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు ఈదొచ్చు, మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే ఒడ్డుకి చేరతారు.

ఇటలీలోని గార్డా సరస్సు ఉత్తర కొసన గాలికి గడియారం కట్టినట్టే ఉంటుంది. తెల్లవారుజామున ఉత్తరం నుంచి పెలేర్ అనే గాలి మొదలై మధ్యాహ్నానికి తగ్గుతుంది, ఆ తర్వాత దక్షిణం నుంచి ఓరా వీస్తుంది. ఎండకి కొండవాలు, కింది మైదానం వేడెక్కే తీరులో తేడా వల్ల వాతావరణం బాగున్న రోజుల్లో ఈ రెండూ క్రమం తప్పకుండా వస్తాయి. టోర్బోలె, రీవా ఊళ్లలో సెయిలింగ్, విండ్ సర్ఫింగ్ పాఠాలు దీన్ని బట్టే నడుస్తాయి, ఏ గంటకి ఏం చేయాలో మీరూ ముందే అనుకోవచ్చు. ఫ్రాన్స్‌లో అనెసీ సరస్సు చుట్టూ సైకిల్ మీద సుమారు 40 కిలోమీటర్లు, మధ్యలో ఈతకి ఆగుతూ వెళ్తే పూర్తి రోజు. స్లోవేనియాలో బ్లెడ్ చిన్నది, చుట్టూ ఆరు కిలోమీటర్లు, మోటారు పడవలకి అనుమతి లేదు కాబట్టి తెడ్డు పడవల వాళ్లకి నీళ్లు ప్రశాంతంగా దొరుకుతాయి.

ఇద్దరు కూర్చునే కయాక్ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. ముందు కూర్చున్న మనిషి తెడ్డు వేసే లయే ఇద్దరికీ లయ, వెనక మనిషి దాన్ని చూసి వేస్తూ దిశ కూడా చూసుకుంటారు. మేం మొదట తప్పు కూర్చున్నాం, బలంగా వేసే ఆయన ముందు, నేను వెనక. ఆయన వేగం నాకు అందక నా తెడ్డు ఆయన తెడ్డుకి తగిలి టకటకమంటూ నీళ్లు ఒళ్లంతా చిమ్మాయి, పడవ ఎడమకి తిరిగిపోయింది. ఒడ్డుకొచ్చి చోట్లు మార్చుకున్నాం. నా లయకి ఆయన సర్దుకున్నారు, పడవ గీత గీసినట్టు పోయింది, గంటన్నరలో అవతలి ఒడ్డుకి వెళ్లి వచ్చాం. నెమ్మదిగా ఉండే మనిషిని ముందు కూర్చోబెట్టండి.

సరస్సులో లోటు లేకపోలేదు. పై నీళ్లు వెచ్చగా ఉన్నా కొన్ని మీటర్ల కింద ఒక్కసారిగా చల్లబడిపోతాయి, నీళ్లలో పగడాలు, రంగురంగుల చేపలు ఉండవు, శని ఆదివారాల్లో చుట్టుపక్కల ఊళ్ల జనమంతా దిగుతారు. ఆదివారం చేరి శుక్రవారం బయల్దేరేలా పెట్టుకుంటే ఈ ఆఖరి సమస్య చాలావరకు తగ్గుతుంది.

అన్నీ కలిపి ఒకే ధర పెట్టే క్లబ్బులు

1950లో జెరార్డ్ బ్లిట్జ్ స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గుడారాలతో క్లబ్ మెడ్ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి ఉంది: ఆటలు, శిక్షకులు, భోజనం అన్నీ ముందు కట్టిన డబ్బులోనే. దీనిలో ఒక మంచి గుణం ఉంది. ప్రతి ఆటకీ విడిగా కట్టాల్సి వస్తే వెనకాడే మనిషి "నువ్వు వెళ్లు, నేను చూస్తుంటాలే" అంటారు. కట్టేశాం కదా అనుకున్నప్పుడు ఒకసారి దిగి చూస్తారు, చాలామందికి సెయిలింగ్, విలువిద్య, పాడెల్ అలాగే అలవాటయ్యాయి. పాడెల్ గురించి ప్రత్యేకంగా చెప్తాను, 1969లో మెక్సికోలో పుట్టిన ఆట, చుట్టూ గోడలున్న 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టులో ఇద్దరిద్దరుగా ఆడతారు. గోడకి తగిలి తిరిగొచ్చిన బంతిని కూడా కొట్టొచ్చు కాబట్టి టెన్నిస్ రాని మనిషి కూడా మొదటి రోజే ఆటలో ఉంటారు.

లోటు, ఏకాంతం తక్కువ. భోజనాల గంటలు, బృందాల గంటలు వాళ్లవి. మాటలు కలిపే జంటలకి ఇది సరిపోతుంది, ఎవరూ కనపడకుండా ఉందామనుకునేవాళ్లకి కాదు.

రిసార్ట్ లోపల చూడాల్సినవి

స్టార్ల మీద ఆధారపడకండి. ప్రపంచమంతటికీ ఒకే కొలమానం లేదు, దేశాన్ని బట్టి లెక్క మారుతుంది, అవి ఎక్కువగా కొలిచేది గది సౌకర్యాల్ని, మీ ఆటల్ని కాదు.

నేను మొదట అడిగేది బ్రేక్‌ఫాస్ట్ ఎన్నింటికి మొదలవుతుందని. వినడానికి చిన్న విషయం. కానీ ఏడున్నరకి మొదలయ్యే చోట మీరు బయల్దేరేసరికి ఎనిమిదిన్నర, కొండ మీద అయితే రెండు చల్లని గంటలు పోయాయి, తీరంలో అయితే రోజులో మంచి భాగమంతా పోయింది. రాత్రే డబ్బాలో కట్టి ఇస్తారా, ఐదున్నరకి కాఫీ దొరుకుతుందా అని అడగండి. నిజంగా ఆటలాడే అతిథులు వచ్చే రిసార్ట్‌కి ఇది అలవాటైన ప్రశ్న, వెంటనే జవాబిస్తారు.

తర్వాతది కనీస సంఖ్య. గైడ్‌తో వెళ్లే చాలా టూర్లు నలుగురో ఆరుగురో ఉంటేనే బయల్దేరతాయి. మీరు ఇద్దరే, మిగతావాళ్లు రాకపోతే ముందు రోజు రాత్రి క్యాన్సిల్ అని చీటీ వస్తుంది. మీ ఇద్దరికే గైడ్ కావాలంటే ఎంత అదనమో ముందే తెలుసుకుని, రెండు ముఖ్యమైన టూర్లు గదితో పాటే బుక్ చేసుకోండి. మాకు జరిగింది మీకు జరగకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

"కాంప్లిమెంటరీ వాటర్ స్పోర్ట్స్" అని రాసి ఉంటే మామూలుగా దానర్థం కయాక్, పాడిల్ బోర్డు, స్నార్కెల్ సామాను, అంటే మోటారు లేనివి. జెట్ స్కీ, పారాసెయిలింగ్, పడవ మీద డైవింగ్ విడిగా. స్నార్కెల్ సామాను రోజంతా మీ దగ్గర ఉంచుకోవచ్చా, గంటకే తిరిగివ్వాలా అన్నది కూడా తేడా తెస్తుంది. బూట్లు, వెట్‌సూట్, సైకిల్ ఫ్రేమ్ మీ ఇద్దరి సైజుల్లో ఉన్నాయా అని కొలతలతో రాసి అడగాలి, పొట్టివాళ్లకి, బాగా పొడుగువాళ్లకి దొరకనిది ఎక్కువగా ఇవే.

గది విషయంలో నాకు కావలసినవి మూడే, తడి బట్టలు, బూట్లు ఆరబెట్టుకునే చోటు, కాళ్లు చాపుకునే వేడి నీళ్ల టబ్బు, గది నుంచి నీళ్ల దగ్గరికో లిఫ్ట్ దగ్గరికో పది నిమిషాల్లోపు నడక. ప్రతిసారీ బగ్గీకి ఫోన్ చేసి ఎదురు చూడాల్సిన విశాలమైన రిసార్ట్‌లో రోజుకి గంట అలాగే పోతుంది. ఇన్ఫినిటీ పూల్, ప్రైవేట్ ప్లంజ్ పూల్ లాంటి వాటికి అదనంగా పెట్టే డబ్బుని నేనైతే గైడ్ మీద పెడతాను.

ఇన్సూరెన్స్ పేజీలు ఓపిగ్గా చదవండి. తాళ్లతో ఎక్కడం, ఒక లోతు దాటిన డైవింగ్, ఒక ఎత్తు దాటిన ట్రెక్కింగ్ చాలా పాలసీల్లో విడిగా జోడిస్తేనే వర్తిస్తాయి. కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో ఆ పేజీల్లోనే ఉంటుంది.

ఇక తేల్చుకోవడం

వేగంలో తేడా ఎక్కువ, ఇష్టం ఒకటే అయితే లిఫ్టులున్న కొండ. ఇష్టాలే వేరైతే సరస్సు. ఇద్దరికీ నీళ్లే ప్రాణం, అందులోనూ ఇద్దరికీ స్కూబా సర్టిఫికెట్లు ఉంటే సముద్రం, అది కూడా ఆ నెల గాలి, వాన చూసుకున్నాకే. ఒకరు ఆడతారు, ఒకరు ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు అంటే అన్నీ కలిపిన క్లబ్బు. మోకాళ్లు, నడుము ఇబ్బంది పెట్టేవాళ్లు కొండ అనగానే వెనక్కి తగ్గక్కర్లేదు, దిగేది లిఫ్ట్‌లో అయితే చాలు. భార్య కడుపుతో ఉన్న జంట అయితే స్కూబా వద్దే వద్దు, ఎత్తైన చోటు గురించి డాక్టర్‌ని అడిగాకే అనుకోవాలి, సరస్సు ఒడ్డు నడకలు, తేలికపాటి ఈత హాయిగా ఉంటాయి.

ఎన్ని రాత్రులంటే ఆరు. మొదటి రోజు ప్రయాణపు అలసట తీర్చుకోండి, రోజుకి ఒకే పెద్ద పని పెట్టుకోండి, మూడో రోజో నాలుగో రోజో ఏమీ పెట్టుకోకండి, వాన పడితే పోయిన టూర్‌ని ఆ రోజులోకి జరపొచ్చు. ఇద్దరి ముఖ్యమైన కోరికలు రెండూ మొదటి మూడు రోజుల్లోనే పెట్టేయండి, ఆఖరి రోజుకి వాయిదా వేసినది వాతావరణం బాగోక పోతే మళ్లీ దొరకదు.

రెండు రిసార్ట్‌లు మిగిలాక రెండింటికీ ఒకే మెయిల్ పంపుతాను: మేం ఇద్దరం, ఈ తేదీలు, ఒకరికి దిగేటప్పుడు మోకాలి నొప్పి, ఒకరు రోజుకి ఐదారు గంటలు నడవగలరు, మీ దగ్గర మంగళవారం పొద్దున మేం ఏం చేయొచ్చు, ఎక్కడ కలుసుకోవచ్చు? పోయినసారి ఒక చోటి నుంచి ఆఫర్లున్న బ్రోషర్ వచ్చింది. రెండో చోటి నుంచి ఒక గైడ్ స్వయంగా రాశాడు, ఏ దారి నీడలో ఉంటుందో, కేబుల్ కార్ ఎన్నింటికి మొదలవుతుందో, ఏ గుడిసె దగ్గర ఎదురుచూసే మనిషికి కూర్చోవడానికి బాగుంటుందో. ఆ రాత్రే రెండోది బుక్ చేశాం.